పురుటింట్లో ఆరు బ్యాటరీలు

సూర్యాపేట,
జూన్ 5, 1949.

గోపయ్య బావకు,

మీరంత క్షేమమేనా అని అడుగుతలేను. క్షేమంగ ఉంటే అది నీ గొప్ప గాదు, ఇంక నిప్పు తగల్లేదంతే.

మా బస్సు మీద క్లీనర్ చేసే హర్యా నిన్న కోదాడ పోయొచ్చి నీ వైభోగమంత చెప్పిండు. పిండి గిర్ని ఇంజనుకు పాత లారీ డైనమో కట్టినవట. గిర్నికి ఇంటికి నడుమ గోడకు బొక్క కొట్టి వైర్లు లోపలికి గుంజినవట. మీరు పండుకునే అర్రల, అక్క మంచం కాళ్లకాడ, ఆరు బ్యాటరీలను వరుసగ కూసోబెట్టి చార్జింగ్ చేస్తున్నవట. పోలీసు యాక్షన్ అయినకాడికెల్లి పెద్దోళ్లందరికి రేడియో పిచ్చి పట్టింది. ఊర్లల్ల కరెంటు లేదు, బ్యాటరీ దిగితే రేడియో మూగది, గందుకే అందరు నీ గుమ్మం ముందట నిలవడుతున్నరు. మంచిదే. పెద్దోళ్లు వార్తలు వినాల్నంటే మా అక్క బ్యాటరీల నడుమ పండుకోవాలె గద మరి.

నాకు ఎవరు నేర్పలే. మూడేండ్ల సంది బస్సు కంపెనీల బ్యాటరీల షెడ్డు నాది. చిరిగిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికితే కూడబలుక్కొని చదివిన, మిగిలింది చేతులు కాలి నేర్చుకున్న. గందుకే చెప్తున్న. చార్జింగ్ ఎక్కేటప్పుడు బ్యాటరీ లోపల నీళ్లు ఉడుకుతున్నట్టు బుడగలు లేస్తయి. ఆ బుడగలల్ల గాలి కంటికి కనవడది, ముక్కుకు తెల్వది. తలుపు మూసిన అర్రల పైకప్పు కింద జమ అయితది. దానికి ఒక బీడి చాలు. ఒక చిమ్నీ దీపం చాలు. వైరు ఊడదీసేటప్పుడు చిటుక్కున లేసే మెరుపు చాలు. బ్యాటరీ పగిలి లోపలి తేజాబు మొకం మీద వడతది. తేజాబంటే తెల్సుగద, తోలు ఊడగొట్టే నీళ్లు.

మా షెడ్డుకు నాలుగు గుంజలు, మీద రేకు. గోడల్లేవు. మా బస్సుల సేటుకు ఇటుకలు దొరకక గాదు. పనోడి కన్న బస్సు టైరు పిరమనుకునే మనిషి, ఆయనే బ్యాటరీలను గాలికి పెట్టిండు. నువ్వు పెండ్లాం మంచం కాడ పెట్టినవ్. ఇద్దరిల తెలివైనోడెవరో నువ్వే రాయి.

ఆ డబ్బాలను పశువుల కొట్టంలకు మార్చు.

నీ బామ్మర్ది,
సైదయ్య.


కోదాడ,
జూన్ 14.

బామ్మర్ది సైదయ్యకు ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. పేలుతుందేమోనని దూరంగా పట్టుకుని విప్పాను. పేలలేదు.

నేను పదిహేనేళ్లుగా ఇంజను నడుపుతున్నాను. నీకు లాగు సరిగా కట్టుకోవడం రాని రోజుల్లో నేను ఈ గిర్ని బెల్టు సొంతంగా కుట్టాను. పుస్తకం చదివి కాదు. కొట్టంలో పెట్టమన్నావు. అక్కడ వాన, దొంగ, ఎద్దు కాలు. చిలుకూరు పటేలుగారి బ్యాటరీని ఎద్దు తన్నితే సూర్యాపేట నుంచి నువ్వొచ్చి జవాబు చెబుతావా? ఆయన మొన్న స్వయంగా మా గుమ్మం దాకా వచ్చారు. గోపయ్యా, నీ చెయ్యి పడితేనే మా రేడియో పలుకుతుందయ్యా అన్నారు. మీ సేటు నీతో ఆ పాటి మాట ఎప్పుడైనా అన్నాడా? అంటే రాయి, నేనూ సంతోషిస్తాను.

మీ అక్క సుగుణకు ఏడో నెల. ఈ స్థితిలో లేనిపోని భయాలు మంచివి కావని నీ ఉత్తరం సంగతి ఆమెకు చెప్పలేదు. సైదయ్య కుశలం అడిగాడు అన్నాను. మురిసిపోయింది. నీ మేనల్లుడు పెద్దోడు బాగా ఆడుకుంటున్నాడు.

ఒక చిన్న పని. ఈ మధ్య ఇంట్లో ఎలుకలు ఎక్కువయ్యాయి. మీ అక్క చీరలకు, దుప్పట్లకు సన్నసన్న చిల్లులు పెడుతున్నాయి. మీ ఊళ్లో మంచి ఎలుకల మందు దొరికితే హర్యాతో పంపించు.

మీ బావ,
గోపయ్య.


సూర్యాపేట,
జూన్ 20.

బావకు,

ఎలుకల మందు పంపుతలేను. నీ ఇంట్ల తిరిగే ఎలుకలకు తోకల్లేవు, పండ్లు లేవు. బుడగ పగిలినప్పుడల్ల తేజాబు సన్నటి తుంపరై లేస్తది. అది చీర మీద వడితే రెండు దినాలకు చిల్లు. చీర నేసింది గట్టి నూలుతోటి. లోపల మనిషి ఊపిరి గుంజుతున్నది. చీరకే గిట్లుంటే ఊపిరితిత్తి ఎట్లుంటదో పదిహేనేండ్ల అనుభవమున్నోనివి, లెక్కగట్టు.

అనుభవం అంటే గుర్తుకొచ్చింది. మా జంగయ్య మేస్త్రికి ఇరవై ఏండ్లది ఉంది. పోయిన ఎండకాలం బ్యాటరీల నీళ్లు ఎంతున్నయో చూద్దామని అగ్గిపుల్ల గీసి వంగిండు. గోడల్లేని షెడ్డు గనక మనిషి దక్కిండు. గిప్పుడు కుడి చెవి పని చేయది. ఆయనతోటి మాట్లాడాల్నంటే ఎడమ దిక్కుకు పోయి నిలవడాలె. నీకు ఏ చెవి అక్కర లేదో ముందే రాయి బావా, నేను వచ్చినప్పుడు రెండో దిక్కు కూసుంట.

సరే, నువ్వు వినవు. కొట్టంల ఎద్దుకు ఉన్న విలువ నాకు అర్థమైంది. ఎద్దును కదిలియ్యకు. అక్కనన్న కదిలియ్యి. మిర్యాలగూడెంల మా చిన్నమ్మ ఉంది. రెండు అర్రల ఇల్లు, ఒక్కతే ఉంటది. కానుపు దాక అక్కను, పిల్లగాన్ని ఆడికి పంపు. మనుషులు పోయినంక ఆ ఇంటిని నువ్వు, నీ పటేలు, మీ ఆరు బ్యాటరీలు ఏలుకోండ్రి.

సైదయ్య.


కోదాడ,
జూలై 10.

సైదయ్యకు,

తొలి కాన్పు పుట్టింట్లో, మలి కాన్పు అత్తింట్లో. ఇది నేను పెట్టిన ఆచారం కాదు. మా అమ్మ దుర్గమ్మ ఉండగా కోడలిని మిర్యాలగూడెం పంపితే, కోడలికి పథ్యం వండలేని అత్త అని కోదాడంతా అనుకుంటుంది. అమ్మ ఆ మాట పడదు. నేను అమ్మకు చెప్పలేను. మంత్రసాని కొమురమ్మకు మాట కూడా ఇచ్చేశాం.

అయినా నీ మాటను నేను పూర్తిగా తోసేయలేదు. నువ్వు రాసిన తుంపర సంగతి నిజమే అనిపించింది. ఆ పుల్లటి వాసనకు అమ్మ కూడా ముక్కు మూసుకుంటోంది. ఆలోచించాను. బ్యాటరీ మూతలకు ఒక్కోదానికి సన్నటి బొక్క ఉంటుంది చూశావా? వాసన, తుంపర అన్నీ అందులోంచే గదా రావడం. వాటన్నిటినీ మైనంతో మూయించాను. ఇప్పుడు వాసన లేదు, చిల్లులు లేవు. అమ్మ మెచ్చుకుంది. ఇంత చిన్న ఉపాయం నీ ఇంగ్లీషు పుస్తకంలో ఎందుకు లేదో నాకు తెలియదు. కావాలంటే మీ షెడ్డులోనూ చేసుకో, నా పేరు చెప్పనక్కరలేదు.

మీ బావ,
గోపయ్య.


మిర్యాలగూడెం,
జూలై 24.

బావా,

బియ్యం మిల్లు కాడ మా బస్సు ఒకటి కరాబై కూలవడితే సేటు నన్ను ఈడికి తోలిండు. నీ ఉత్తరం సూర్యాపేటల నాలుగు దినాలు పండుకొని, పది చేతులు మారి నాకు చేరింది. ఈ నడుమ మీ ఇల్లు ఉన్నదో లేదో తెల్వకుంట రాస్తున్న.

నువ్వు చేసిన ఉపాయం మా పుస్తకంల ఉంది. చేయొద్దు అని ఉంది.

ఆ బొక్క బ్యాటరీకి ముక్కు. కంపెనోడు మరిచిపోయి పెట్టింది గాదు. లోపల పుట్టిన గాలి బయటికి పోవాలె. పోనియ్యకుంటే లోపల్నే బలుస్తది. పొద్దంత ఇంజను నడుస్తది, పొద్దంత బలుస్తది. చుట్టూత తేజాబు, నడుమ గాలి, మీద మైనం. దీన్ని ఏమంటరో మీ ఊరి పోలీసులను అడుగు. వాళ్లు యాడాది సంది అసొంటివి ఎవరింట్ల ఉన్నయా అని గడ్డివాములు పొడుచుకుంట తిరుగుతున్నరు. మంచం కాడ ఆరు పెట్టుకున్నోన్ని ఇడిసిపెట్టి కమ్యూనిస్టుల కోసం అడవులల్ల వెతుకుతున్నరు పాపం. వాళ్లకు కూడ పటేలు పేరే చెప్పు, సలాం కొట్టి పోతరు.

గిప్పుడు తిట్టుడు ఆపి చెప్తున్న, జర చెవి పెట్టు. ముందుగాల ఇంజను ఆపు. అర్ర తలుపు, కిటికీ అర్ధగంట బార్లా తెరిచిపెట్టు. దీపం, బీడి, కుంపటి, ఏ నిప్పు ఆ దరిదాపుల ఉండొద్దు. గప్పుడు సూదితోటి మైనం తియ్యి. గవన్ని అయినంకనే వైరు ముట్టు. ఇంజను తిరుగుతుండంగ వైరు గుంజినవంటే మెరుపు లేస్తది, ఇగ నీకు ఉత్తరాలు రాసే పని నాకు ఉండది.

చేసినంక చేసిన అని ఒక ముక్క రాయి. నేను ఈడ ఇంక పది దినాలుంట.

సైదయ్య.


కోదాడ,
ఆగస్టు 12.

బామ్మర్ది సైదయ్యకు,

మళ్లీ మేనమామవయ్యావు. ఎనిమిదో తారీకు సోమవారం ఆడపిల్ల పుట్టింది. పది రోజులు ముందే నొప్పులు వచ్చాయి. కొమురమ్మ హస్తవాసి మంచిది, గంటన్నరలో కాన్పు అయింది. పిల్లకు మీ అక్క ముక్కు వచ్చింది, నోరు మాత్రం నీది. ఏడిస్తే గిర్ని చప్పుడు వినపడదు. మీ అక్క బాగానే ఉంది. పెద్దోన్ని మా అక్క ఇంటికి మునగాల పంపాం.

నువ్వు అడుగుతావని ముందే రాస్తున్నాను. నొప్పులు ఒక్కసారిగా రావడంతో ఉన్న అర్రనే పురుటి గది చేశారు. బ్యాటరీలు లోపలే ఉండిపోయాయి. తలుపు మూసి గోనెపట్టా కట్టారు, గాలి తగలకూడదు గదా. మంచం కింద బొగ్గుల కుంపటి, పొద్దున సాయంత్రం సాంబ్రాణి. బాలింత ఉన్న గడప పదకొండో రోజు దాకా మగవాడు తొక్కకూడదు. పురుటి గదిలో వస్తువు శుద్ధి కానిదే బయటకు రాకూడదు. కాబట్టి పంతొమ్మిదో తారీకు దాకా అవి కదలవు. మనుషులమే కట్టుబడి ఉంటున్నాం, బ్యాటరీలెంత.

ఊరకే ఎందుకు పడి ఉండాలని ఇంజను మాత్రం నడుస్తోంది. వైర్లు గోడలోంచి పోతాయి గదా, దానికి నేను లోపలికి పోయే పని లేదు. మైనం సంగతి శుద్ధి అయ్యాక తీరిగ్గా చూస్తాను. పిల్లకు కొంచెం దగ్గు. సాంబ్రాణికి అని అమ్మ అంటోంది.

ఒక్క మాట. చిలుకూరు పటేలుగారి బ్యాటరీ పురుటి గదిలో ఉన్న సంగతి హర్యా దగ్గర కూడా అనకు. వాళ్లింట్లో రేడియోను దేవుడి గూటి పక్కనే పెట్టుకున్నారు. మైల అంటిందని తెలిస్తే బ్యాటరీని బావిలో వేస్తారు, ఆ తర్వాత నన్ను.

మీ బావ,
గోపయ్య.


సూర్యాపేట,
ఆగస్టు 13.

బావా,

ఈ కాగితం నీకు హర్యా ఇస్తడు. ఆయన జేబుల రెండో కవరు ఉంటది. చూడు, పైన చిలుకూరు పటేలు పేరు ఉంటది. మీ బ్యాటరీ పురుటి గదిల, బాలింత మంచం కాడ, అయిదు దినాల సంది మైలల ఉన్నది అని అండ్ల రాసిన.

నేనే వచ్చేటోన్ని. వస్తే నువ్వు మర్యాదలు చేస్తవ్, మంచినీళ్లు ఇస్తవ్, పదిహేనేండ్ల అనుభవం చెప్తవ్, తెల్లారుతది. పెండ్లాం సస్తదంటే నువ్వు లేవలే. బిడ్డ దగ్గుతుంటే లేవలే. పటేలుకు మైల అంటిందంటే లేస్తవని నాకు నమ్మకం.

నీకు ఒక్క గంట టైం. ఆ ఆరు డబ్బాలు ఇంట్లకెల్లి బయటవడితే హర్యా ఆ కవరు నీ చేతుల పెడతడు. పడకుంటే చిలుకూరు పోతడు.

సైదయ్య.


కోదాడ,
ఆగస్టు 14.

సైదయ్యకు,

అక్షరాలు నావి కావని నీకు తెలిసే ఉంటుంది. మీ అక్క రాస్తోంది, నేను చెబుతున్నాను. కళ్లకు కట్టు కట్టారు గాని నోటికి కట్టలేదు.

హర్యా వచ్చేసరికి కొమురమ్మ పెరట్లో పిల్ల స్నానానికి నీళ్లు కాస్తోంది. నీ కాగితం చదివాను. అమ్మతో పటేలు మాట ఒక్కటే చెప్పాను. రెండు నెలలుగా నువ్వు రాసినవన్నీ చెప్పినా కదలని మనిషి, ఆ ఒక్క మాటకు లేచింది. నేనూ అంతే. బాలింత లోపల ఉండగా నేను గడప తొక్కకూడదు కాబట్టి తల్లిని, పిల్లను ముందు పెరటి వసారాలోకి తెచ్చారు. వాళ్లను కాపాడాలని కాదు సైదయ్యా. నాకు దారి ఇవ్వాలని.

నేను లోపలికి పోయాను. మంచం కింద కుంపటి అలాగే ఉంది. ఇంజను ఆపి అర్ధగంట తలుపులు తెరవమని నువ్వు రాసింది మరిచిపోలేదు. కానీ గంటే అన్నావు. అర్ధగంట గాలికి పోతే మిగిలిన అర్ధగంటలో ఆరింటిని మోయలేనని ఆపలేదు. పటేలుగారిదే ముందు తీద్దామని వంగి వైరు గుంజాను.

చప్పుడు నేను వినలేదు. మూత ఎగిరి పైన దూలంలో దిగిందట, హర్యా చూశాడు. మొహం మీద నిప్పులు పోసినట్టయింది. కొమురమ్మ ఎప్పుడు వచ్చిందో, పిల్ల స్నానానికి చన్నీళ్లు కలిపి తొలిపిన నీళ్లు కాగుతో తెచ్చి నా మొహాన కుమ్మరించింది. ఆగు, ఇంకో కాగు అంటూ మూడు కాగులు. ఆ నీళ్లే కుడి కంటిని కాపాడాయని డాక్టరు అన్నాడు. ఎడమది కట్టు విప్పాక గాని చెప్పలేనన్నాడు. నన్ను దవాఖానకు ఎత్తుకుపోయింది, కట్టు కట్టించి ఇంటికి తెచ్చింది హర్యానే. బస్సు అతన్ని వదిలేసి పోయింది.

పటేలుగారి జీతగాడు నిన్న సాయంత్రమే వచ్చాడు. అయ్యో అంటాడేమో అనుకున్నాను. వేరే బ్యాటరీ ఎప్పుడిస్తారని దొర అడిగారు, అన్నాడు. మైల సంగతి అడగలేదు. నా మొహం సంగతీ అడగలేదు.

హర్యా మాట తప్పలేదు, కవరు నాకిచ్చాడు. మీ అక్క విప్పింది. లోపల తెల్ల కాగితం. ఒక తెల్ల కాగితానికి నేను కన్ను పందెం కాశాను. నువ్వు గెలిచావు బామ్మర్దీ. మా అక్కయితే నేనూ అంతే చేసేవాన్నేమో.

ఇంజను బెల్టు తీసేయించాను.

గోపయ్య.

తమ్ముడూ,

గీడిదాక మీ బావ చెప్పింది. ఇగ నాది.

ఈ ఉత్తరం రాయాల్నంటే కాగితం కావాలె. పెట్టె తెరవమన్నడు. అండ్ల నీ ఉత్తరాలు నాలుగు ఉన్నయి. పిల్లకు పాలిచ్చుకుంట అన్ని సదివిన. మంచిగ రాసినవ్. ఎలుకలకు తోకల్లేవు అన్నకాడ నవ్వొచ్చింది. గీ వసారల కూసొని, లోపల మీ బావ మూలుగుతుంటే నవ్విన, గట్ల రాసినవ్.

ఆ డబ్బాలల్ల పొద్దుగాల్ల నీళ్లు పోసింది ఎవరనుకున్నవ్? మీ బావకు వంగితే నడుము నొప్పి. నేనే పోసిన, ఒక చేతుల చెంబు, ఒక చేతుల దీపం. మైనం పెట్టింది ఎవరనుకున్నవ్? నిండు కడుపుతోటి పీట మీద కూసొని, దీపం మీద మైనం కరగవెట్టి, ఒక్కొక్క బొక్క మూసింది నేను. వాసన పోయింది గదా అని నాకు నేనే మెచ్చుకున్న.

మనిద్దరం ఒక్క పలక మీద అక్షరాలు దిద్దినం. నీకొచ్చిన సదువే నాకొచ్చింది. నాలుగు ఉత్తరాలల్ల అక్క, అక్క అని ఎన్నిసార్లు రాసినవో చూసిన. ఒక్క ఉత్తరం మీద నా పేరు లేదు. నిప్పు పెట్టకు అక్కా అని నాకు ఒక్క ముక్క రాస్తే, ఎవరికి చెప్పకుంట నేనే ఆ డబ్బాలను ఈడ్చుకపోయి కొట్టంల పడేద్దును. ఎద్దు నా మాట వింటది.

మీ బావ నాకు చెప్పలే, అది ఆయన తప్పు. నువ్వు ఎందుకు చెప్పలే?

సుగుణ.


సూర్యాపేట,
ఆగస్టు 14, పొద్దుమీకి ముందు.

సుగుణక్కకు,

ఈ చిట్టీ ఇప్పటి బస్సుకు హర్యా తెస్తడు. నేను రేపు మొదటి బస్సుకు వస్త. సేటు సెలవియ్యలే, నేను అడగలే.

నేనొచ్చేదాక ఇవి చెయ్యి. అర్రల నేల మీద పొయ్యి బూడిద, సున్నం మందంగ చల్లు. తేజాబు వడ్డకాడ బుసబుస పొంగుతది, భయపడకు, అది సచ్చిపోతున్నట్టు. పొంగుడు ఆగినంక చీపురుతోటి ఊడ్చి, మూడుసార్లు నీళ్లు కొట్టు. ఉత్త కాళ్లతోటి తొక్కకు. కుంపటి ఆర్పు. ఆ అర్రలకెల్లి తెచ్చిన పిల్ల పక్కబట్టలు ఉతకకు, బొంద తీసి పూడ్చు, కొత్తయి నేను తెస్త. మిగిలిన అయిదు డబ్బాలను ఎవరు ముట్టొద్దు, మీ అత్తను కూడ ముట్టనియ్యకు. మైనం నేనే తీస్త. పిల్లను వసారలనే పండవెట్టు, గాలి తగలనియ్యి. దగ్గు తగ్గకుంటే మాపటికే దవాఖానకు తీస్కపో.

నువ్వు అడిగినదానికి జవాబు రాద్దామని మూడుసార్లు కూసున్న. ఆడోళ్లకు బ్యాటరీల సంగతి ఏం తెలుస్తదని అనుకున్న. అనుకున్న అని గూడ అనుకోలే. అంతే, ఇంక అందమైన మాట నాకు దొరుకుతలేదు.

రెండు నెలలు రోజూ ఆ డబ్బాలల్ల నీళ్లు పోసినవ్. నీ చేతులు ఎట్లున్నయో నువ్వు రాయలే. నేను అడగలే. ఇప్పుడు అడుగుతున్న.

నీ తమ్ముడు,
సైదయ్య.